గోలకొండ రాజ్యమును లిఖించిన వర్తకుడు: విలియం మెథ్వోల్డ్

తొలకరి చినుకులు పడగానే మన ఖమ్మం ప్రాంతమున గొర్రెల కాపరులు నల్లని గొంగడిని తలపై ముసుగుగా వేసుకొని, మందలను అడవి అంచులకు తోలుకొని పోవుట మనము చిన్ననాటి నుండి చూచుచున్న దృశ్యమే. ఉన్ని అనగానే మన మనస్సుకు స్ఫురించునది ఆ గొంగడి. వాననుండి, చలినుండి కాపరిని కాపాడుట దాని పని. అంతకు మించిన గౌరవము మన దేశమున ఉన్నికి లభించలేదు. కాని సప్త సముద్రాల కావల ఇంగ్లండు దేశమున ఉన్ని అనగా రాజ్యలక్ష్మియే. ఆ దేశపు ప్రభువుల సభలో సభాధ్యక్ష పీఠము నేటికీ ఉన్ని నింపిన ఎర్రని ఆసనమే. తమ ఐశ్వర్యానికి మూలమేదో మరువకుండుటకు వారు ఏర్పరచుకొన్న ఆచారమది.

ఉన్నికి ప్రసిద్ధమైన ఒక సీమలో పుట్టి, పత్తి నేతకు ప్రసిద్ధమైన మన తెలుగు సీమకు వచ్చి, ఈ రెండింటి నడుమ సాగిన వాణిజ్యమును కళ్లారా చూచి, చూచినదానిని వ్రాసి ఉంచిన వర్తకుడొకడు ఉన్నాడు. అతడే విలియం మెథ్వోల్డ్. గోలకొండ చరిత్ర చదివిన వారెవ్వరికీ ఈ పేరు క్రొత్త కాదు. కాని మన విద్యార్థులలో అధిక సంఖ్యాకులు చరిత్ర పుస్తకమున ఒక పంక్తిగా తప్ప ఇతనిని ఎరుగరు. కనుక ఈ సంచికలో అతని జీవితమును సంగ్రహముగా పరిచయము చేయ సంకల్పించినాము.

మెథ్వోల్డ్ సుమారు 1590 ప్రాంతమున ఇంగ్లండుకు తూర్పున ఉన్న నార్‌ఫోక్ జిల్లాకు చెందిన కుటుంబములో జన్మించినాడు. నార్‌ఫోక్ అనగా నేతగాండ్ల సీమ. అక్కడి వర్‌స్టెడ్ అను చిన్న గ్రామము పేరే నేటికీ ఒక జాతి ఉన్ని నూలుకు పేరుగా నిలిచి ఉన్నది. అంతటి సీమలో ఉన్ని ధరను గురించిన మాట ప్రతి ఇంటా వినిపించెడిది. ధర పెరిగిన ఏడాది ఊరంతా పండుగ, పడిపోయిన ఏడాది ఊరంతా పస్తు. వ్యాపారమునకు, మనిషి కడుపునకు గల సంబంధమును గ్రంథములు చదివి తెలుసుకొనవలసిన అవసరము అటువంటి చోట పెరిగిన వారికి ఉండదు.

యౌవనమున అతడు లండను నగరమున ఒక వర్తకుని వద్ద తొమ్మిదేండ్లు శిష్యరికము చేసినాడు. అందులో కొన్నేండ్లు హాలండు దేశపు మిడిల్‌బర్గ్ పట్టణమున గడచినవి. ఆ పట్టణము ఆ కాలమున ఆంగ్లేయుల ఉన్ని బట్టలు ఐరోపా ఖండములో దిగు ముఖ్యమైన అంగడి. నేసిన బట్టకు రంగు వేయకయే, మెరుగు పెట్టకయే ఆంగ్లేయులు ఓడలకెత్తగా, దానికి రంగులు వేసి, మెరుగు పెట్టి అసలు లాభమును డచ్చివారు గడించెడివారు. సరుకు ఒకరిది, సొమ్ము మరొకరిది అగుట ఎట్లో మెథ్వోల్డ్ అక్కడ ప్రత్యక్షముగా చూచినాడు. డచ్చి, ఫ్రెంచి భాషలను కూడ అక్కడనే అలవరచుకొన్నాడు. ఈ భాషాజ్ఞానమే తరువాతి కాలమున అతనికి తూర్పు దేశముల ద్వారములు తెరచినది.

1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి ఇచ్చిన పట్టాతో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ పుట్టిన సంగతి మనమెరిగినదే. మెథ్వోల్డ్ 1615లో ఆ కంపెనీ కొలువులో చేరినాడు. జహంగీరు పాదుషా దర్బారుకు సర్ థామస్ రో రాయబారిగా బయలుదేరినది కూడ ఆ ఏడాదిననే. మెథ్వోల్డ్ మొదట సూరతు చేరి, 1618లో మన మచిలీపట్నమునకు కంపెనీ వ్యాపారశాల ముఖ్యాధికారిగా వచ్చినాడు. ఆంగ్లేయులు గ్లోబ్ అను ఓడపై 1611లో తొలిసారి మచిలీపట్నము చేరి అక్కడ వ్యాపారశాల నెలకొల్పి అప్పటికి ఏడేండ్లే అయినది. గోలకొండ సింహాసనముపై సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా ఉన్నాడు. హైదరాబాదు నగర నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్ షాకు అల్లుడైన ఈ సుల్తానే మక్కా మసీదుకు పునాది వేయించినవాడు.

ఇక్కడ ఒక చిక్కు సమస్య మెథ్వోల్డ్‌కు ఎదురైనది. కంపెనీ పెద్దల కోరిక తమ దేశపు ఉన్ని బట్టను తూర్పున అమ్మవలెనని. మన వారు బనాతు అనియు, సకలాతు అనియు పిలిచిన బట్ట అదే. దానిని అమ్మి, ఆ సొమ్ముతో ఇక్కడి పత్తి బట్టలు, నీలిమందు, మిరియాలు కొనవలెను. ఆలోచన చక్కనిదే. కాని మచిలీపట్నమున చైత్ర వైశాఖములు గడిపిన వాడెవడు ఉన్ని బట్ట కొనును? పడమటి నుండి నిప్పులు చెరుగుచు వీచు వడగాలులను గురించి మెథ్వోల్డ్ తన గ్రంథమున ప్రత్యేకముగా వ్రాసినాడు. ఖమ్మం ఎండలకు అలవాటు పడిన మనకు ఆ వర్ణన అతిశయోక్తిగా తోచదు. అమీరుల గుడారములకు, గుర్రముల జీనులకు, ఏనుగుల అలంకారమునకు కొద్దిగా ఎర్ర సకలాతు అమ్ముడు పోవుటయే గాని, సామాన్యుడు దానివైపు కన్నెత్తి చూడలేదు. ఉన్ని అమ్ముడు పోనందున ఆంగ్లేయులు వెండిని, బంగారమును తేక తప్పినది కాదు. మన నేతగాని మగ్గము ముందర ఆంగ్లేయుని ఉన్ని ఓడిపోయినది. ఈ ఒక్క సత్యము చుట్టును ఆనాటి ఆంగ్ల వాణిజ్య గ్రంథములన్నియు పరిభ్రమించినవి.

మెథ్వోల్డ్ మచిలీపట్నమున లెక్కలు వ్రాయుచున్న కాలముననే లండనులో ఈ వెండిని గురించి పెద్ద దుమారము చెలరేగినది. 1614లో అక్కడి రాజు, రంగు వేయని ఉన్ని బట్టను ఎగుమతి చేయరాదని శాసించి, రంగువేయు పనిని స్వదేశమునకు తెచ్చుటకు యత్నించగా, డచ్చివారు ఎదురు నిషేధము విధించినారు. బట్ట అమ్ముడు పోలేదు. 1617 నాటికి ఆ పథకము కుప్పకూలినది. అటు పిమ్మట ఐరోపా యుద్ధములు, నాణెముల తారుమారు వలన వ్యాపారము మరింత క్షీణించి, వేలాది నేతగాండ్లు పనిలేక వీధిన పడినారు. దేశమున వెండి కరువైనది. దోషమెవరిదను ప్రశ్న వచ్చినప్పుడు, ఏటేటా ఓడలకొద్ది వెండిని తూర్పుకు తరలించుచున్న ఈస్టిండియా కంపెనీపై అందరి వేళ్లు చూపబడినవి.

దీనికి సమాధానముగా కంపెనీ నిర్వాహకులలో ఒకడైన థామస్ మన్ 1621లో తూర్పు దేశముల వ్యాపారమును సమర్థించుచు ఒక చిన్న గ్రంథము ప్రకటించినాడు. ఇండియా వ్యాపారమున పెట్టిన వెండి పోయినట్లు కాదు, విత్తినట్లని అతని వాదము. లక్ష పౌన్ల ఖరీదుకు తూర్పున కొన్న సరుకు ఇంగ్లండులో సుమారు 5 లక్షల పౌన్లు పలుకునని, ఆ సరుకులో అధికభాగమును ఇతర దేశములకు తిరిగి అమ్మినచో పోయిన వెండికన్న ఎక్కువ వెండి వచ్చునని అతడు లెక్కగట్టి చూపినాడు. 1622, 1623 సంవత్సరములలో ఎడ్వర్డ్ మిసెల్డెన్, జెరార్డ్ మాలిన్స్ అను ఇరువురు ఇదే విషయముపై పుస్తకములతో పరస్పరము తలపడినారు. మన్ వ్రాసిన మరియొక గ్రంథము అతడు 1641లో మరణించిన పిమ్మట, 1664లో కుమారుని చేత అచ్చయి, ఒక శతాబ్దము పైగా వాణిజ్య శాస్త్రమునకు మూలగ్రంథముగా చెలామణి అయినది.

ఒక విషయము గమనింపదగినది. ఇంతమంది పండితులు లండనులో కూర్చుండి లెక్కలు వేసిన ఈ వ్యాపారములో, తూర్పున బట్ట నేయువాడెవడో, వానికి ముట్టునదెంతో వారు స్వయముగా చూచినవారు కారు. వారి గ్రంథములలో ఇండియా ఒక ధరల పట్టిక. మెథ్వోల్డ్ గ్రంథములో అది మనుషులున్న దేశము. అతనికి, వారికి గల భేదము ఇదియే.

మచిలీపట్నమును అతడు పొగడలేదు. గోడలు లేని పట్టణమని, జనసమ్మర్దము అధికమని, కట్టడములు నాసి అని, అది వెలసిన చోటు అంతకన్న నాసి అని, ఊటనీరు ఉప్పనని నిర్మొహమాటముగా వ్రాసినాడు. అయినను ఆ పట్టణమే తీరమునకంతటికి ప్రధానమైన రేవని గుర్తించినాడు. కోమటి వర్తకులు స్వయముగా గాని, తమ మనుషుల ద్వారా గాని పల్లెలు తిరిగి, మగ్గము మగ్గమున బట్ట సేకరించి, రేవు పట్టణములలో పెద్ద మొత్తములుగా అమ్ము విధానమును వివరించినాడు. బ్రాహ్మణులు తాటియాకులపై ఇనుప గంటముతో చకచక లెక్కలు వ్రాయుటను చూచి ఆశ్చర్యపడినాడు. తాను స్వయముగా లెక్కలు వ్రాయువాడు గనుక ఆ నేర్పు విలువ అతనికి తెలిసినది.

బట్టకు ఎర్రని రంగునిచ్చు చిరివేరును గురించి కూడ అతడు వ్రాసినాడు. సముద్ర తీరపు ఇసుక నేలలలో పెరుగు ఆ చిన్న మొక్క వేరు, నిజాంపట్నము ప్రాంతమున శ్రేష్ఠమైనదిగా పేరుగాంచినది. ఆ రంగుతో అద్దిన బట్ట ఎన్నిసార్లు ఉతికినను వన్నె తరుగదు. మిడిల్‌బర్గ్ నగరమున రంగుల విలువ ఎరిగిన మెథ్వోల్డ్‌కు ఈ వేరు విశేషము వెంటనే అర్థమైనది. అక్కడ డచ్చివాడు రంగు వేసి గడించిన లాభమునకు సాటియైన విద్య ఇక్కడ తీరపు పల్లెలలోని పేద అద్దకపువాని చేతిలో ఉన్నది.

ఈ కథలో మన జిల్లాకు కూడ భాగమున్నది. మచిలీపట్నము నుండి గోలకొండకు పోవు వర్తక మార్గము మన జిల్లా దక్షిణ భాగము మీదుగా సాగెడిది. ఖమ్మం చేరువన, చింతకాని మండలములోని నాగులవంచలో 17వ శతాబ్దపు ఉత్తరార్ధమున డచ్చివారు వ్యాపారశాల నెలకొల్పి బట్టలు, నీలిమందు కొనుగోలు చేసినారు. 1687లో గోలకొండ పతనమైన కల్లోల కాలముతో దాని వైభవము ముగిసినది. అట్లే, మన భద్రాచలము ఎగువ అడవులలోని టేకు దూలములు గోదావరి వెంట తెప్పలుగా దిగి నరసాపురము చేరి అక్కడ ఓడలైనవి. మన అడవి చెట్టు, మన పల్లె మగ్గము కూడ ఆ సముద్ర వ్యాపారములో పాలుపంచుకొన్నవే.

మెథ్వోల్డ్ చూచినవాటిలో లోకమునకు మిక్కిలి వింత గొలిపినది వజ్రపు గనుల వృత్తాంతము. కృష్ణాతీరమున కొల్లూరు గనులు అప్పటికి కొన్ని ఏండ్ల క్రిందటనే బయల్పడినవి. కొండలలో మంద మేపుచున్న ఒక మేకల కాపరి కాలికి తగిలిన రాయియే ఆ గనుల పుట్టుకకు కారణమని అతడు విన్నాడు. డచ్చి అధికారులతో కూడి స్వయముగా ఆ చోటికి పోయి, అక్కడ సుమారు 30,000 మంది పని చేయుచున్నారని అంచనా వేసినాడు. త్రవ్వువారు కొందరు, మన్ను మోయువారు కొందరు, గుంటలలోని నీటిని చేతులతో పైకి అందించువారు కొందరు. యంత్రమన్నది లేదు, మనుషుల వరుసలే యంత్రము. ఏటికి 3 లక్షల వరహాలకు ఆ గని గుత్తకు ఇయ్యబడినదని, 10 కారెట్లకు మించిన రాయి ఏది దొరికినను అది సుల్తానుదని కూడ అతడు నమోదు చేసినాడు. రాయిని మొదట కనుగొన్న కాపరి ఏమైనాడో చరిత్ర చెప్పదు. గనులు త్రవ్వినవారి పేర్లును చెప్పదు. రాయి పేరు మాత్రమే లోకమున మిగులును.

గోలకొండ పరిపాలనలోని గుణమును, దోషమును కూడ మెథ్వోల్డ్ దాచలేదు. గుణములలో మొదటిది మత స్వేచ్ఛ. సుల్తాను షియా ముస్లిము అయినను, ఆ రాజ్యమున ఎవరి మతము వారు నిరాటంకముగా ఆచరించుకొనుచున్నారని, ఒకరి ఆరాధనను మరొకరు అడ్డుట లేదని అతడు వ్రాసినాడు. అదే కాలమున అతని స్వదేశమున, ఐరోపా ఖండమున మతము పేర పరస్పరము రక్తము చిందించుకొనుచున్నారని స్మరించినచో, ఈ వాక్యము విలువ బోధపడును. ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులచేత మల్కిభరాముడని పిలిపించుకొన్న రాజ్యమిది. పరదేశి వర్తకుడొకడు ఏ ప్రయోజనమును ఆశింపక ఇచ్చిన ఈ సాక్ష్యమును ఉర్దూ తెలుగు భాషలు రెండును చదువుకొను మన కళాశాల విద్యార్థులు మరువరాదు.

దోషములలో మొదటిది గుత్త విధానము. సుల్తాను నుండి ఒక పెద్ద అధికారి ఒక సీమను గుత్తకు తీసుకొనును. అతడు దానిని ముక్కలు చేసి చిన్నవారికిచ్చును. ప్రతివాడును తాను చెల్లించిన దానికన్న ఎక్కువ పిండుకొనవలెను. మరుసటి ఏడాది ఎవడు ఎక్కువ పాడునో పదవి వానిదే. కనుక దయ చూపిన అధికారి నష్టపోవును. చిట్టచివరకు ఈ భారమంతయు రైతు మీద, నేతగాని మీద పడును. బాకీ పడిన అధికారి గతియు దారుణమే. 1614లో మచిలీపట్నపు పాలకుడొకడు సొమ్ము పూర్తిగా చెల్లించలేక బెత్తపు దెబ్బలతో ప్రాణములు విడిచిన ఉదంతమును మెథ్వోల్డ్ వ్రాసినాడు. ఇది చదివినప్పుడు మన నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న గుర్తుకు రాక మానడు. పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉండి, వసూలైన పన్ను సొమ్ముతో భద్రాద్రి రామునికి ఆలయము కట్టించి, తానాషా కాలమున గోలకొండ చెరసాల పాలైన రామదాసు కథను మనము భక్తి కథగా మాత్రమే వినుచుందుము. మెథ్వోల్డ్ గ్రంథము చదివినవానికి అది ఆనాటి పన్నుల వ్యవస్థ కథగా కూడ కనబడును. లెక్క తేలని అధికారికి ఆ వ్యవస్థలో చెరయే గతి. రాజు ఏ మతమువాడు, ఉద్యోగి ఏ మతమువాడు అన్న ప్రశ్నకు అక్కడ తావు స్వల్పము.

1622లో మెథ్వోల్డ్ మచిలీపట్నము విడిచి స్వదేశమునకు మరలినాడు. స్వంత వ్యాపారము చేసికొన్నాడన్న ఆరోపణ అతనిపై వచ్చినది. కంపెనీ ఉద్యోగులలో ఆ దోషము లేనివారు ఆనాడు అరుదు. అట్లని దోషము గుణము కానేరదు గనుక, మేము ఆ సంగతి దాచలేదు. లండను చేరిన పిమ్మట అతడు వ్రాసిన గోలకొండ రాజ్య వృత్తాంతము 1626లో శామ్యూల్ పర్చస్ సంకలనము చేసిన యాత్రా గ్రంథమున అచ్చయినది. మూడు శతాబ్దముల పిమ్మట, 1931లో చరిత్రకారుడు మోర్లండ్ ఆ వృత్తాంతమును, ఆ కాలపు డచ్చి వ్రాతలు రెంటితో కలిపి, వ్యాఖ్యానముతో పునర్ముద్రించినాడు. నేటికిని కుతుబ్ షాహీ ఆర్థిక చరిత్ర వ్రాయువారెవరైనను ఆ పుటలు తిరుగవేయక తప్పదు.

1633లో కంపెనీ అతనిని తిరిగి ఇండియాకు పంపినది. ఈసారి సూరతు అధ్యక్ష పదవి. అతడు పోవునప్పటికి గుజరాతు సీమ 1630 నుండి 1632 వరకు వచ్చిన మహాక్షామముతో శ్మశానమైనది. లక్షలాది ప్రజలు మరణించినారు, బ్రతికినవారు వలస పోయినారు. నేతగాండ్లు లేక మగ్గములు మూలపడినవి. వెండి ఉన్నను కొనుటకు బట్ట లేదు. సరుకు పెట్టెలలో పుట్టదు, మనిషి చేతిలో పుట్టునన్న పాఠమును ఆ కరువు వర్తకులకు కఠినముగా బోధించినది.

సూరతులో మెథ్వోల్డ్ చేసిన ముఖ్యమైన పని పోర్చుగీసు వారితో సంధి. అంతవరకు సముద్రముపై ఎదురైన ప్రతిచోట ఇరువురును ఫిరంగులతోనే పలుకరించుకొనెడివారు. 1635 జనవరిలో అతడు స్వయముగా గోవా పోయి, అక్కడి రాజప్రతినిధితో ఒడంబడిక కుదుర్చుకొన్నాడు. దానితో పడమటి తీరమున ఆంగ్లేయులకు పోర్చుగీసు రేవుల ద్వారములు తెరచుకొన్నవి. యుద్ధముకన్న సంధి చౌక అని ఎరిగిన వర్తకుని బుద్ధి అది.

కాని మరుసటి ఏడాదియే అతనికి పెద్ద అవమానము జరిగినది. కంపెనీతో సంబంధము లేని ఆంగ్ల ఓడ యొకటి, తమ రాజుగారి అనుమతి పత్రము చేతబట్టి వచ్చి, ఎర్ర సముద్ర ముఖమున మొగలు పాదుషా ప్రజల ఓడలను దోచినది. దోచినవారు దొరకలేదు, సూరతులో దొరికినవాడు మెథ్వోల్డ్. మొగలు అధికారులు అతనిని సుమారు రెండు మాసములు నిర్బంధమున ఉంచి, నష్టపరిహారము కట్టించుకొని విడిచినారు. తాను చేయని దోషమునకు చెర అనుభవించి, బాకీ తీర్చినగాని విముక్తి లేని స్థితి ఎట్టిదో, గోలకొండలో చూచి వ్రాసినదానిని ఇక్కడ అతడు తన శరీరముతో తెలుసుకొన్నాడు. అయినను ఆ పిమ్మట రెండేండ్లకు పైగా అదే పదవిలో ఓర్పుతో పని చేసినాడు.

1639లో అతడు స్వదేశము చేరినాడు. అదే సంవత్సరము కంపెనీ వారు తెలుగు నాయకులైన దామెర్ల వారి నుండి మద్రాసు స్థలమును సంపాదించినారు. క్రమముగా మచిలీపట్నపు ప్రాభవము అటు తరలినది. మెథ్వోల్డ్ లండనులో కంపెనీ ఉపపాలకుడై, రాజుకు పార్లమెంటుకు నడుమ సాగిన అంతర్యుద్ధపు కల్లోలములో కూడ కంపెనీ వ్యవహారములు నడిపినాడు. కెన్సింగ్టన్ ప్రాంతమున ఇల్లు, భూములు కొని స్థిరపడినాడు. 1652లో ఆరుగురు పేద వృద్ధ స్త్రీలకు వసతిగా ఒక ధర్మశాల కట్టించినాడు. 1653లో మరణించినాడు. తూర్పు దేశమున గడించిన ధనములో ఎంత భాగము న్యాయార్జితమో, ఎంత కాదో పరమేశ్వరుడే ఎరుగును. ఆ ధనముతో ఆరుగురు నిరాశ్రయులకు గూడు దొరికినదన్నది మాత్రము నిజము.

అతని మరణముతో ఉన్నికి, పత్తికి గల పోరు ముగియలేదు. పైపెచ్చు ముదిరినది. 1660 తరువాత ఇంగ్లండు పార్లమెంటు, చనిపోయినవారిని ఉన్ని బట్టలోనే చుట్టి పాతిపెట్టవలెనని శాసనములు చేసినది. బ్రతికినవారు ఉన్ని విడిచి మన పత్తి అద్దకపు బట్టలకు ఎగబడుచుండగా, చచ్చినవారికైనను ఉన్ని అంటగట్టవలసి వచ్చినది! 1700లో, అంతటితో చాలక మరల 1721లో, అద్దకపు పత్తి బట్టలు ధరించుటనే నిషేధించినారు. దానికి ముందు 1719లో లండను నేతగాండ్లు వీధులలో స్త్రీల ఒంటిపైనున్న పత్తి బట్టలను చింపివేసినారు. రాబిన్సన్ క్రూసో కథ వ్రాసిన డేనియల్ డిఫో కూడ ఉన్ని పక్షమున కలము పట్టినాడు. ఆ నేతగాండ్లను నిందించుట మా అభిమతము కాదు. వారిదియు ఆకలియే. కాని వారి ఆకలి పార్లమెంటుకు వినిపించినది, వారి పక్షమున గ్రంథములు పుట్టినవి, చట్టములు వచ్చినవి. ఒక శతాబ్దము గడచి, యంత్రపు నూలు మన దేశమును ముంచెత్తి మన మగ్గములు మూగవోయినప్పుడు, మన నేతగాని పక్షమున చట్టము చేయుటకు మనకొక పార్లమెంటు లేకపోయినది.

ఇప్పుడు మెథ్వోల్డ్ వద్దకు తిరిగి వత్తము. అతడు మన మేలు కోరి మన దేశమును గురించి వ్రాయలేదు. ఏ సరుకు ఎక్కడ దొరకును, ఎంతకు దొరకును, ఎవరిని ప్రసన్నము చేసికొనవలెను అన్నదే అతని వృత్తి. అతని కన్ను వర్తకుని కన్ను. అయినను ఆ కన్ను చూచినదానిని అతని చేయి దాచలేదు. లాభము కొరకు మొదలైన లెక్క, మనుషులను చూచినంతనే చరిత్రగా మారినది. కనుక ఆ గ్రంథమును కృతజ్ఞతతో చదువవలెను. అతడు ఏమి చూడలేదో జ్ఞప్తి యందుంచుకొని కూడ చదువవలెను. అందులో గుత్తదారుల సొమ్మున్నది, గనుల ఆదాయమున్నది, కోటల వర్ణనమున్నది. చిరివేరు వన్నె ఉన్నది. ఆ వన్నె అద్దిన మనిషి పేరు లేదు.

ఆ పేరు లేకుండుటకు మెథ్వోల్డ్ ఒక్కడే బాధ్యుడు కాడు. గంటము పట్టిన మనవారును వ్రాయలేదు. మన కవులు రాజులను వర్ణించినారు, మన లేఖకులు బాకీలు వ్రాసినారు, మగ్గము ముందర కూర్చున్నవాని దినచర్య ఎవ్వరును వ్రాయలేదు. నాగులవంచలో డచ్చివారి వ్యాపారశాల ఉండినదని తెలుసుకొనుటకు నేడు మనము డచ్చివారి కాగితములను ఆశ్రయింపవలసి వచ్చుచున్నది.

మన కళాశాలకు నేతగాండ్ల పిల్లలు వచ్చుచున్నారు, కాపరుల పిల్లలు వచ్చుచున్నారు, భద్రాచలము అడవి పల్లెల నుండి కోయ పిల్లలును వచ్చుచున్నారు. వారి తాతలకు తెలిసిన రంగులు, నేతలు, దారులు, సంతలు ఇంకను కొన్ని ఇండ్లలో మాటల రూపమున మిగిలి ఉన్నవి. సెలవులలో ఇంటికి పోయినప్పుడు ఒక నోటు పుస్తకము చేతబట్టి, ఇంటిలోని వృద్ధుని ఎదుట కూర్చుండి, గొంగడి ఎట్లు నేసెడివారో, ఉన్ని ఎక్కడ కొనెడివారో, ఏ సంతలో ఏ ధర పలికెడిదో అడిగి వ్రాసుకొన్నచో అది చిన్న పనిగా తోచవచ్చును. నాలుగు వందల ఏండ్ల క్రిందట మచిలీపట్నమున ఒక వర్తకుడు చేసినది అంతకన్న పెద్ద పని ఏమియు కాదు. అడిగినాడు, చూచినాడు, వ్రాసినాడు. అతడు విడిచిన పేర్లను పూరించు బాధ్యత ఆ పేర్లు గలవారి మనుమలదే అని మా విశ్వాసము.